అమ్మ రిపోర్టులో ఆర్‌డీడబ్ల్యూ 21: కణాల్ని ఒక్కొక్కటిగా చూసే మిషన్ల కథ

ఈసారి ఎపిసోడ్ మా ఊరి నుంచి. వెనకాల హోరు వినిపిస్తోంది కదా, అది మైక్ ప్రాబ్లం కాదు, సముద్రం. అక్కుపల్లి. శ్రీకాకుళం జిల్లా, వజ్రపుకొత్తూరు మండలం. పలాసలో రైలు దిగి ఆటో ఎక్కితే జీడితోటలు, కొబ్బరితోటలు దాటుకుంటూ ఇక్కడికి వస్తారు. 2018లో తిత్లీ తుఫాను తీరం దాటింది ఈ చుట్టుపక్కలే. అప్పుడు పడిపోయిన కొబ్బరిచెట్ల మొదళ్లు మా తోటలో ఇంకా ఉన్నాయి.

నా చేతిలో రెండు కాగితాలున్నాయి చూడండి. ఒకటి అమ్మది, ఇంకోటి నాన్నది. రెండూ కాశీబుగ్గలో చేయించిన రక్తపరీక్ష రిపోర్టులే. అమ్మ రిపోర్టు చూసి నెల రోజులు మాకు నిద్ర పట్టలేదు. నాన్న రిపోర్టు చూసి నాలుగేళ్లు హాయిగా నిద్రపోయాం. రెండుసార్లూ తప్పే చేశాం. ఎందుకు తప్పో చెప్పాలంటే ఒక్క కణాన్ని, ఒక్క అణువుని విడిగా పట్టుకుని చూసే ఫిజిక్స్ దగ్గరికి వెళ్లాలి. కంగారు పడకండి, మన జీడి ఫ్యాక్టరీ మీదుగానే వెళ్దాం.

ముందు బయటి ఊళ్ల వాళ్లకి ఒక మాట. ఉద్దానంలో పదేళ్ల పిల్లాడికి కూడా క్రియాటినిన్ అంటే తెలుసు. మిగతా ఊళ్లలో పెద్దవాళ్లు కలిస్తే షుగర్ ఎంత, బీపీ ఎంత అనుకుంటారు. ఇక్కడ "నీకెంతొచ్చింది?" అంటే క్రియాటినిన్ అనే అర్థం. 2019లో అచ్చయిన ఒక సర్వేలో ఇక్కడ రెండు వేల మందికి పైగా పరీక్ష చేస్తే సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్లలో ఎక్కువమందికి షుగర్, బీపీ లాంటి మామూలు కారణాలేవీ లేవు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అలాంటి ఊళ్లో ఎవరికైనా నీరసంగా ఉంటే ఇంట్లో అందరి మనసు ముందు ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

అమ్మకి అదే అయింది. గట్టు ఎక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 9.1. ఒకచోట చూపించాం. "ఎంసీవీ నార్మల్‌గానే ఉంది, ఐరన్ లోపమైతే అది తగ్గాలి, కిడ్నీ వల్ల కావచ్చు" అన్నారు. అంతే. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు ఆ రాత్రి. కిడ్నీ పాడైతే రక్తం తయారవడానికి కావలసిన ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది, ఎర్రకణాల సైజు మాత్రం మామూలుగానే ఉంటుంది. అంటే వాళ్లు చెప్పింది గాల్లోంచి తీసుకొచ్చిన మాట కాదు. పుస్తకంలో ఉన్నదే.

కానీ రిపోర్టులో ఎంసీవీ కింద ఇంకో లైన్ ఉంది. ఆర్‌డీడబ్ల్యూ అని. అది 21 ఉంది. మామూలుగా 11.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. దాన్ని ఎవరూ చదవలేదు. నేను కూడా చదవలేదు. పక్కన స్టార్ గుర్తు పెట్టి ఉన్నా సరే.

ఇక్కడ జీడిపప్పు మాట్లాడుకుందాం.

పలాస చుట్టూ జీడి ఫ్యాక్టరీలు వందల్లో ఉన్నాయి. పిక్క కాల్చి, కొట్టి, తొక్క తీసి, చివర్లో గ్రేడింగ్ చేస్తారు. డబ్ల్యూ 180, 240, 320, 450 అని గ్రేడ్‌లు. ఆ నెంబర్ ఏంటంటే, ఒక పౌను పప్పులో, అంటే సుమారు 454 గ్రాముల్లో, ఎన్ని గుళ్లు ఉంటాయనే లెక్క. 180 అంటే పెద్ద పప్పు, రేటు ఎక్కువ. 450 అంటే చిన్నది. 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుళ్లు.

ఇప్పుడు నేనొక మోసం చేస్తా. అర పౌను 180 రకం తీసుకున్నా, అందులో 90 గుళ్లు. అర పౌను 450 రకం, అందులో 225. రెండూ కలిపేశా. మొత్తం ఒక పౌను, 315 గుళ్లు. కాగితం మీద ఇది పక్కా డబ్ల్యూ 320! కానీ ఆ సంచిలో 320 సైజు గుడ్డు ఒక్కటి కూడా లేదు. మా నాన్నకి ఆ సంచి చూపిస్తే అర సెకనులో నా నెత్తి మీద మొట్టుతాడు, ఎందుకంటే ఆయన గుళ్లని చూస్తాడు, లెక్కని కాదు.

అమ్మ రక్తంలో జరిగింది అచ్చం ఇదే. ఐరన్ తక్కువైతే ఎర్రకణాలు చిన్నగా తయారవుతాయి. బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువైతే పెద్దగా తయారవుతాయి. రెండూ ఒకేసారి తక్కువైతే? కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. యావరేజ్ తీస్తే మామూలు సైజు. ఎంసీవీ అంటే కణాల యావరేజ్ సైజు. ఆర్‌డీడబ్ల్యూ అంటే ఆ సైజుల్లో ఎంత తేడా ఉందనే కొలత. 320 అని రాసి ఉన్న సంచిలో ఏదో తేడాగా ఉందని అరిచేది ఆర్‌డీడబ్ల్యూ.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే ఎక్కాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డ్యాష్‌బోర్డు చూసేవాణ్ణి. యావరేజ్ రెస్పాన్స్ టైమ్ 0.3 సెకను, పచ్చ లైటు. కానీ కస్టమర్ ఫోన్ చేసి తిడుతున్నాడు. చూస్తే వందలో 99 మందికి 0.1 సెకనులో పేజీ వస్తోంది, ఒక్కడికి 20 సెకన్లు పడుతోంది. లెక్కేసుకోండి, యావరేజ్ దాదాపు 0.3 వస్తుంది. ఆ 0.3 సెకను అనుభవం నిజానికి ఎవరికీ లేదు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఆర్‌డీడబ్ల్యూ చెప్పాలంటే మిషన్ ప్రతి కణాన్నీ విడివిడిగా కొలవాలి కదా. ఒక మైక్రోలీటర్ రక్తంలో, అంటే మిల్లీలీటర్‌లో వెయ్యో వంతులో, దాదాపు 50 లక్షల ఎర్రకణాలుంటాయి. ఒక్కోటి వెడల్పు 7, 8 మైక్రాన్లు. వీటిని ఒక్కొక్కటిగా ఎవడు కొలుస్తాడు? అదీ కాశీబుగ్గ సందులో, ఓ చిన్న ల్యాబ్‌లో, ఒక నిమిషంలో?

ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్ అన్నని బతిమాలి మిషన్ దగ్గర ఒక పూట కూర్చున్నా. బయట నుంచి చూస్తే పాత సీపీయూ డబ్బాలా ఉంటుంది, పక్కన ఉప్పునీళ్ల క్యాన్. లోపల ఐడియా మాత్రం అద్భుతం. రక్తాన్ని ఉప్పునీళ్లలో బాగా పలచన చేస్తారు. ఆ నీళ్లు ఒక సన్నటి కంత గుండా పోతాయి. కంతకి అటు ఒక ఎలక్ట్రోడ్, ఇటు ఒక ఎలక్ట్రోడ్. ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది. కణం మాత్రం కరెంటుని సరిగ్గా పోనివ్వదు. కణం కంతలోకి దూరగానే కరెంటుకి అడ్డం పడుతుంది, ఒక చిన్న పల్స్ వస్తుంది. కణం పెద్దదైతే పల్స్ పెద్దది. చిన్నదైతే చిన్నది. అంతే. పల్స్‌లు లెక్కపెడితే కణాల సంఖ్య, పల్స్ ఎత్తు కొలిస్తే కణం సైజు. సందులో ఆటో దూరితే వెనక స్కూటర్లు ఆగినట్టు, లారీ దూరితే ఇంకా ఎక్కువ ఆగినట్టు. కెమెరా అక్కర్లేదు, ట్రాఫిక్ ఎంత ఆగిందో చూసి ఏ బండి దూరిందో చెప్పేయొచ్చు.

రెండు కణాలు ఒకేసారి దూరితే? అన్నని ఇదే అడిగా. "అందుకే అంత పలచన చేస్తాం" అన్నాడు. అయినా కొన్ని జంటగా పోతూనే ఉంటాయి, దానికి సాఫ్ట్‌వేర్‌లో కరెక్షన్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అనగానే నాకు కొంచెం గర్వం వచ్చిందనుకోండి.

దీన్ని కనిపెట్టింది అమెరికాలో వాలెస్ కూల్టర్ అనే ఆయన. పేటెంట్ వచ్చింది 1953లో. అంతకుముందు ల్యాబ్‌లో మనిషి మైక్రోస్కోప్ మీద వంగి, గళ్ల గాజుపలక మీద కణాల్ని కంటితో లెక్కపెట్టేవాడు. సాయంత్రానికి కళ్లు కాయలు కాచేవి. కూల్టర్ తన మొదటి కంతని ఎందులో చేశాడో తెలుసా? సిగరెట్ పెట్టె మీద ఉండే పల్చటి సెల్లోఫేన్ కాగితంలో, కాల్చిన సూదితో. ఇవాళ ప్రపంచంలో ఏ మూల సీబీసీ చేయించుకున్నా దాదాపు ఆ కంత వారసత్వమే. మీ సీబీసీ రిపోర్టు మొబైల్‌లో ఉంటే ఇప్పుడే తీసి చూడండి, అడుగున చిన్న గుట్టల్లాంటి గ్రాఫ్‌లుంటాయి. మీ కణాలు ఒక్కోటి కంత దాటినప్పుడు వచ్చిన పల్స్‌లు అవి. అమ్మ గ్రాఫ్‌లో గుట్ట చాలా వెడల్పుగా ఉంది, ఒక పక్కకి కొంచెం భుజంలా పొడుచుకొచ్చి ఉంది. నేను నెల రోజులు ఆ కాగితం మడతపెట్టి జేబులో వేసుకు తిరిగా.

తర్వాత చూసిన డాక్టరమ్మ గారు ఆ గ్రాఫ్ చూసి, "కిడ్నీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఫెరిటిన్, బీ12 చేయించండి" అన్నారు. రెండూ తక్కువే వచ్చాయి. క్రియాటినిన్ 0.7, మూత్రంలో ప్రోటీన్ లేదు. మూడు నెలల మందుల తర్వాత హిమోగ్లోబిన్ 11 దాటింది. ఒక జాగ్రత్త: కిడ్నీ జబ్బులో కూడా ఆర్‌డీడబ్ల్యూ పెరగొచ్చు. ఆ ఒక్క అంకెతో ఎవరూ దేన్నీ తేల్చరు, మీరూ తేల్చకండి. కానీ ఏ తలుపు కొట్టాలో అది చూపించింది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. జీడి ఫ్యాక్టరీల్లో కొన్నిచోట్ల ఇప్పుడు కలర్ సార్టర్ ఉంటుంది. పప్పు జారుడుబల్ల మీద ఒక్కొక్కటిగా జారుతుంది, కెమెరా చూస్తుంది, మచ్చ ఉంటే ఠక్కున గాలి కొట్టి పక్క డబ్బాలోకి తోసేస్తుంది. కణాలకి కూడా అచ్చం ఇలాంటిదే ఉంది, పేరు ఫ్లో సైటోమీటర్. కణాలు వరసలో లేజర్ ముందు నుంచి పోతాయి. ముందే మనం వెతికే రకం కణానికి మెరిసే రంగు అంటించి పెడతారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి ఏఆర్‌టీ సెంటర్లలో చూసే సీడీ4 కౌంట్ ఈ పద్ధతిలోనే చేస్తారు.

కణాల్ని లెక్కపెట్టడమే కాదు, వేరు చేయాలంటే? 1965లో మ్యాక్ ఫుల్వైలర్ అనే ఇంజినీర్, అమెరికాలో లాస్ అలమోస్ ల్యాబ్‌లో, రెండు వేర్వేరు వస్తువుల్ని అంటుకట్టాడు. ఒకటి కూల్టర్ కంత. రెండోది అప్పుడే కొత్తగా వచ్చిన ఇంక్‌జెట్ ప్రింటర్ టెక్నిక్. కణం ఉన్న నీటిధారని వణికిస్తే చుక్కలుగా తెగుతుంది. కావలసిన కణమున్న చుక్కకి కరెంటు చార్జ్ ఇచ్చి, రెండు పలకల మధ్య నుంచి పోనిస్తే అది పక్కకి వంగి వేరే గిన్నెలో పడుతుంది. అణ్వాయుధాల ల్యాబ్‌లో ప్రింటర్ టెక్నిక్‌తో రక్తకణాల్ని ఏరడం! తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో లెనర్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం దీనికి మెరిసే రంగులు, లేజర్ జోడించింది. బీటెక్‌లో మాకు "సబ్జెక్టులు కలపకండి రా" అనేవాళ్లు. ఏం మాట్లాడాలి చెప్పండి.

ఇప్పుడు కంతని చిన్నది చేస్తూ పోదాం. కూల్టర్ మిషన్లో కంత వంద మైక్రాన్ల లెక్కలో ఉంటుంది. దాన్ని లక్ష రెట్లు చిన్నది చేస్తే ఒక నానోమీటర్. అందులో కణం కాదు, ఒకే ఒక్క డీఎన్‌ఏ పోగు దూరుతుంది. ఉప్పునీళ్లు అవే, కరెంటు అదే, అడ్డం పడటం కూడా అదే. డీఎన్‌ఏలో ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలు ఉంటాయని ఇంటర్‌లో చదివారు కదా. కంతలో ఏ అక్షరాలున్నాయో దాన్ని బట్టి కరెంటు కొంచెం కొంచెం మారుతుంది. ఆ మార్పుని చదివితే డీఎన్‌ఏ చదివినట్టే. డేవిడ్ డీమర్ అనే శాస్త్రవేత్త 1989లో ఈ ఐడియాని నోటుబుక్కులో గీసుకున్నాడు. ఒక బాక్టీరియా తయారుచేసే ప్రోటీన్ కంతలోంచి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పోగులు దూరుతున్నాయని 1996లో చూపించారు. 2014కి అది అరచేతిలో పట్టే, యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి గుచ్చే డబ్బా అయింది. 2015లో గినీ దేశంలో ఎబోలా వైరస్ జన్యువుని అక్కడికక్కడే చదవడానికి ఆ డబ్బాల్ని లగేజీలో పెట్టుకుని వెళ్లారు. సిగరెట్ కాగితంలో కంతకీ దీనికీ సూత్రం ఒక్కటే. నాకు మాత్రం ఇంజినీరింగ్ చరిత్రలో ఇంత పొడవైన గీత ఇంకోటి కనిపించలేదు.

మన ఒంట్లో ఇలాంటి కంతలు దేవుడో, పరిణామమో, ముందే పెట్టేసింది. ప్రతి కణం గోడలో సోడియం, పొటాషియం అయాన్లు పోయే ద్వారాలుంటాయి. కిడ్నీ గొట్టాల్లో కణాలు ఉప్పుని తిరిగి రక్తంలోకి లాక్కునేది కూడా ఇలాంటి ద్వారాల సాయంతోనే. 1976లో జర్మనీలో ఎర్విన్ నేయర్, బెర్ట్ సక్‌మన్ అనే ఇద్దరు, మైక్రాన్ మూతి ఉన్న గాజు గొట్టాన్ని కణం మీద ఆనించి, ఒకే ఒక్క ద్వారంలోంచి పోయే కరెంటుని కొలిచారు. పీకో ఆంపియర్లు. మీ ఫోన్ చార్జర్ 2 ఆంపియర్లు ఇస్తుందనుకోండి, పీకో అంటే ఒక ఆంపియర్‌లో లక్ష కోట్లో వంతు. స్క్రీన్ మీద ఏం కనిపించిందో తెలుసా? ద్వారం కొంచెం కొంచెంగా తెరుచుకోవడం లేదు. మూత, తెరుపు. మూత, తెరుపు. సున్నా, ఒకటి. లక్షల ద్వారాల కరెంటుని కలిపి కొలిస్తే నున్నటి గీత వస్తుంది, అందులో ఆ టకటక కనిపించదు. 1991లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇక్కడ మన భీమవరం మనిషి వస్తాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో పుట్టారు, తర్వాత బోస్టన్ వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో ఇద్దరూ ప్రకటించారు. క్రియాటిన్ అన్న మాట విన్నారు కదా? మా ఊళ్లో అందరూ అడిగే క్రియాటినిన్ వచ్చేది దాన్నుంచే. కండరాల్లో ఉన్న క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజుకి నూటికి ఒకటి, రెండు వంతుల చొప్పున వాటంతట అవే క్రియాటినిన్‌గా మారిపోతుంటాయి, కిడ్నీ దాన్ని బయటకి పంపుతుంది. ఇంకో తమాషా. సుబ్బారావు గారు పనిచేసిన ఆ డిపార్ట్‌మెంట్ పెద్ద ఆటో ఫోలిన్. క్రియాటినిన్‌ని రంగుతో కొలిచే పద్ధతిని ల్యాబుల్లోకి తెచ్చినవాడు ఆయనే. ఉద్దానం ఇంటింటి మాటకి, భీమవరం కుర్రాడు పనిచేసిన గదికి ఇంత దగ్గర చుట్టరికం.

1929లో ఫిస్క్, సుబ్బారావు ఏటీపీని కూడా వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా అదే పని చేశాడు. ఏటీపీ అంటే కణానికి కరెన్సీ నోటు, ఏ పని జరగాలన్నా అది ఖర్చు కావాలి. కానీ ఆ రోజుల్లో వాళ్ల పని అంతా కండరాన్ని నూరి, వడకట్టి, కోట్లకోట్ల అణువుల్ని కలిపి కొలవడం. ఒక్క నోటుకి ఎంత సరుకు వస్తుంది? అది చెప్పే మార్గం లేదు.

ఆ మార్గం లేజర్‌తో వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఆష్కిన్, వెలుతురుతో వస్తువుని పట్టుకోవచ్చని చూపించాడు. లేజర్‌ని లెన్స్‌తో ఒక చుక్కలోకి కుదిస్తే, ఆ చుక్క దగ్గర చిన్న ప్లాస్టిక్ పూస చిక్కుకుపోతుంది, లాగితే స్ప్రింగులా వెనక్కి లాక్కుంటుంది. 1986లో ఒకే కిరణంతో చేశాడు, మరుసటి ఏడాది బతికున్న బాక్టీరియాని పట్టుకున్నాడు. నోబెల్ మాత్రం 2018లో వచ్చింది, అప్పటికి ఆయనకి 96 ఏళ్లు. 1993లో స్టీవెన్ బ్లాక్ బృందం ఈ లేజర్ పట్టుకారుతో కైనెసిన్ అనే ప్రోటీన్ని చూసింది. కైనెసిన్ అంటే కణంలో మూటలు మోసే కూలీ. రెండు కాళ్లతో పట్టా మీద నడుస్తుంది. దాని అడుగు 8 నానోమీటర్లు, వెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు. ఒక అడుగుకి ఒక ఏటీపీ అని తర్వాత ప్రయోగాల్లో తేలింది. ఒక నోటు, ఒక అడుగు. 1997లో జపాన్‌లో ఇంకో బృందం ఏటీపీని వాడే ఒక ప్రోటీన్ మోటారుకి మెరిసే పోగు కట్టి, అది ఫ్యాన్‌లా గిర్రున తిరగడాన్ని వీడియో తీసింది. భీమవరం నుంచి వెళ్లిన ఆయన సీసాలో కనుక్కున్నది, 68 ఏళ్ల తర్వాత మైక్రోస్కోప్ కింద గిరగిరా తిరిగింది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. ఈ వీడియో ఆయనకి చూపించాలనిపిస్తుంది నాకు.

మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. ముంబై టీఐఎఫ్‌ఆర్‌లో ఐనవరపు శ్రీరామకోటి గారి ల్యాబ్‌లో ఒక్కో ప్రోటీన్ అణువుని సన్నటి సూదిమొనతో పట్టి లాగుతారు, మడతలు ఎక్కడ ఎంత బలానికి విప్పుకుంటాయో కొలుస్తారు. ఇంటిపేరు వింటేనే మనోళ్లు అని తెలిసిపోతుంది కదా. ఎంటెక్, పీహెచ్‌డీ అనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇటు కూడా ఒక చూపు చూడండి. ఫిజిక్స్, కోడింగ్ వచ్చినవాళ్లకి బయాలజీ ల్యాబుల్లో పని ఉంటుందని నాకు బీటెక్‌లో ఎవరూ చెప్పలేదు.

ఇక నాన్న కాగితం.

నాన్న క్రియాటినిన్ నాలుగేళ్ల కింద 0.8. తర్వాత 0.9. తర్వాత 1.1. ఈ ఏడాది 1.3. ప్రతి రిపోర్టులోనూ పక్కన రాసి ఉన్న రేంజ్ 0.7 నుంచి 1.3. ప్రతిసారీ "నార్మల్". ప్రతిసారీ మేం కోడికూర వండుకున్నాం. అమ్మ సంగతి తర్వాత నాకు బుద్ధొచ్చి, బీరువాలో పాత రిపోర్టులన్నీ తీసి ఎక్సెల్ షీట్‌లో ఎక్కించా. గ్రాఫ్ ఒక్క దిక్కుకే పోతోంది. ఆయన వయసుకి లెక్కేస్తే, కిడ్నీ వడపోత మూడో వంతుకి పైగా తగ్గిపోయింది. "నార్మల్" లోపలే!

ఎందుకిలా? ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు, అంటే చిన్న చిన్న వడపోత యూనిట్లు ఉంటాయి. కొన్ని పోతే మిగతావి ఎక్కువ పని చేస్తాయి. పది సర్వర్లలో మూడు పడిపోతే మిగతా ఏడు లోడ్ మోస్తాయి చూడండి, వెబ్‌సైట్ నడుస్తూనే ఉంటుంది, డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది. క్రియాటినిన్ అనేది ఇరవై లక్షల యూనిట్లు కలిసి ఇచ్చే ఒక్క అంకె. ఏ యూనిట్ ఎప్పుడు పోయిందో అది చెప్పదు. పైగా మనిషి సన్నబడితే కండ తగ్గుతుంది, క్రియాటినిన్ తయారవడమే తగ్గుతుంది, అంకె ఇంకా అందంగా కనిపిస్తుంది. తోటలో ఎండలో పనిచేసే మావాళ్లు లావుగా ఎవరున్నారు చెప్పండి?

ఇక్కడే నాకు ఒక్కో కణాన్ని చూసే పద్ధతుల మీద ఆశ. ఉద్దానం జబ్బులో ఎక్కువగా దెబ్బతినేది కిడ్నీ గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. ఇప్పుడు ప్రతి కణాన్నీ ఒక నూనెలో నీటిచుక్కలో బంధించి, ఒక్కోదానికి ఆధార్ నెంబర్ లాంటి బార్‌కోడ్ ఇచ్చి, ఆ కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదువుతున్నారు. 2023లో నేచర్ పత్రికలో మనిషి కిడ్నీకి ఇలాంటి అట్లాస్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కణం, దెబ్బతిని కోలుకుంటున్న కణం, కోలుకోలేక ఆగిపోయిన కణం, అన్నీ వేరువేరుగా. మూత్రంలో రాలిపడే కిడ్నీ కణాల మీద కూడా ఈ ప్రయోగాలు చేస్తున్నారు. అంటే కిడ్నీలో సూది గుచ్చి ముక్క తీయకుండానే, ఏ రకం కణం ముందు చస్తోందో అడగొచ్చు. నీళ్లా, వేడా, మందులా, ఇంకేదైనా రసాయనమా అని ముప్పై ఏళ్లుగా వాదించుకుంటున్న ఊళ్లకి, మొదట దెబ్బ తిన్నది ఎవరో తెలిస్తే కొట్టింది ఎవరో వెతకడం సులువవుతుంది కదా.

పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకం కూడా అదే రోజు మొదలైంది. నా వరకు నీళ్లే ముందు, మిషన్ తర్వాత. డయాలసిస్ బెడ్డు కోసం ఎదురుచూసే మనిషికి లేజర్ గొప్పలు చెప్పడం నాకు నచ్చదు. కానీ రీసెర్చ్ సెంటర్ అని బోర్డు పెట్టాక, అక్కడ యావరేజ్‌లు తీసే సర్వేలతో ఆగకూడదు. మావాళ్ల కణాలు మావాళ్ల దగ్గరే, ఒక్కొక్కటిగా చూడాలి. ఇది నా డిమాండ్, వీడియోలో ఉంటుంది, ఎక్కడైనా వాడుకోండి.

మీరు ఇప్పుడు చేయగలిగింది చిన్నది. ఇంట్లో పెద్దవాళ్ల పాత రిపోర్టులు పారేయకండి, ఫోటో తీసి తారీఖుతో పెట్టుకోండి. క్రియాటినిన్‌ని రేంజ్‌తో కాదు, ఆ మనిషి పోయినేటి అంకెతో పోల్చండి. డాక్టర్‌ని ఈజీఎఫ్‌ఆర్ ఎంత అని, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష అవసరమా అని అడగండి. ఒళ్లునొప్పులకి మెడికల్ షాపులో నొప్పి మాత్రలు అడిగి మింగడం ఆపించండి. నాన్న వారానికి మూడు మింగేవాడు. మాకెవరికీ తెలీదు.

నిన్న రాత్రి ఇదంతా అమ్మకి చెబుతున్నా. కంత, కరెంటు, పల్స్ అని చేతులు ఊపుతూ. అంతా విని అమ్మ అడిగింది: "ఏట్రా బావూ, మరి నాన్న రక్తంలో కణాలు బాగున్నాయని చెప్పిన మిషనీ, కిడ్నీ పాడవుతోందని ఎందుకు సెప్పలేదు?" నాన్న మంచం మీద అటు తిరిగి పడుకుని, "అది అడిగినదానికే సెప్తాది. మనం అడగలేదు" అన్నాడు. నిద్రపోయాడనుకున్నా నేను.

గురువారం నాన్నని పలాస తీసుకెళ్తున్నా. మూత్రం పరీక్ష, స్కాన్ రెండూ ఉన్నాయి. ఏం వచ్చిందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి, గాలి ఎక్కువైంది, ట్రైపాడ్ పడిపోయేలా ఉంది.